గల్ఫ్‌లో గోల్ఫ్... తాడుకి లోపల మనవాళ్లు

(రిఫా, బహ్రెయిన్ నుంచి)

గల్ఫ్‌కీ గోల్ఫ్‌కీ రాతలో తేడా ఒక్క ఓత్వమే. బతుకులో మాత్రం ఆ రెంటికీ మధ్య పెద్ద కంచె ఉంది. పదేళ్లుగా, పదిహేనేళ్లుగా బహ్రెయిన్‌లో ఉంటున్న మనవాళ్లలో చాలామంది రిఫా మీదుగా కంపెనీ బస్సులో పోతూ ఆ పచ్చదనాన్ని చూసి "అబ్బ, ఎన్ని నీళ్లు తాగుతుందో!" అనుకున్నవాళ్లే గానీ లోపల అడుగు పెట్టినవాళ్లు కాదు. అది దొరలాట, మనకెందుకు అని ఒక లెక్క. అయితే ఆ దొరలాట సాగాలంటే నాలుగు రోజులు ఎండలో నిలబడి చెయ్యెత్తేవాళ్లు కావాలి. బంతి ఎక్కడ పడిందో చూసేవాళ్లు, బోర్డు మోసేవాళ్లు, లెక్క రాసేవాళ్లు కావాలి. అదీ జీతం లేకుండా. వాళ్లనే వాలంటీర్లంటారు. 2024 నుంచి వాళ్లలో మేమూ ఉన్నాం.

'మేము' అంటే పెద్ద సంఘమేమీ కాదు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి ఇక్కడ సైట్ల మీద సూపర్‌వైజర్లుగా ఉన్నవాళ్లం, ఇద్దరు సర్వేయర్లు, ఒక స్టోర్ కీపరు. ఊళ్లు చూస్తే జగిత్యాల నుంచి రాజంపేట దాకా. ఈ నాలుగు ముక్కలూ అందరివీ కలిపి రాస్తున్నవే.

నూనె పోసిన ఇసుక మీద మొదలైన ఆట

బహ్రెయిన్‌లో 1932లో చమురు బయటపడింది. ఆ కంపెనీలో పనిచేసే తెల్లవాళ్ల కోసం ఎడారి మధ్యలో కట్టిన ఊరు అవాలీ. అక్కడి గోల్ఫ్ మైదానంలో గడ్డి ఉండదు, అంతా ఇసుకా రాయీ. మామూలుగా గుంట ఉండే చోటును 'గ్రీన్' అంటారు కదా, అక్కడ దాన్ని 'బ్రౌన్' అంటారు. ఇసుకలో నూనె కలిపి, చదును చేసి, దాని మీదే బంతిని దొర్లిస్తారు. ఆటగాడు ప్లాస్టిక్ గడ్డి ముక్క ఒకటి చేతిలో పట్టుకుని తిరుగుతాడు. బంతి పడిన చోట దాన్ని పరిచి, దాని మీద పెట్టి కొడతాడు. గడ్డి లేకపోతే గడ్డిని వెంట మోసుకుపోయారు! పిచ్చి అంటే పిచ్చే మరి.

ఇప్పుడు పెద్ద పోటీలు జరిగేది రిఫాలోని రాయల్ గోల్ఫ్ క్లబ్బులో. దీన్ని రూపొందించింది స్కాట్లాండ్ ఆటగాడు కోలిన్ మాంట్‌గోమరీ. యూరప్‌లో ఏడాది మొత్తానికి అగ్రస్థానం ఎనిమిదిసార్లు దక్కించుకున్న మనిషి. పద్దెనిమిది గుంటల మైదానం, పక్కనే రాత్రిపూట లైట్లు వేసుకుని ఆడుకునే తొమ్మిది గుంటల చిన్న మైదానం.

ఇక్కడ మొదటి పెద్ద పోటీ 2011 జనవరి చివర్లో జరిగింది. వోల్వో గోల్ఫ్ ఛాంపియన్స్ అని పేరు. ఇంగ్లండ్‌కు చెందిన పాల్ కేసీ ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. ఆ తర్వాత రెండు వారాలకే దేశంలో అల్లర్లు మొదలయ్యాయి. ఆ ఏడాది సాఖిర్‌లో జరగాల్సిన ఫార్ములా వన్ రేసు కూడా రద్దయింది. వోల్వో పోటీ మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాకు వెళ్లిపోయింది. మళ్లీ పదమూడేళ్లకు, 2024 ఫిబ్రవరి 1 నుంచి 4 వరకు, బహ్రెయిన్ ఛాంపియన్‌షిప్ పేరుతో పెద్ద గోల్ఫ్ తిరిగొచ్చింది. డీపీ వరల్డ్ టూర్‌లో భాగం, ప్రైజ్ మనీ 25 లక్షల డాలర్లు. దక్షిణాఫ్రికాకు చెందిన డిలాన్ ఫ్రిటెల్లి గెలిచాడు. 2025లో ముగ్గురు సమానంగా నిలిచి, ప్లేఆఫ్‌లో ఇంగ్లండ్ ఆటగాడు లారీ కాంటర్ కప్పు ఎత్తుకున్నాడు.

రెండు ముక్కల్లో ఆట సంగతి. ఒక్కో గుంటకు ఇన్ని దెబ్బల్లో బంతి వెయ్యాలని ఒక లెక్క ఉంటుంది. అన్నీ కలిపితే 72. అంతకంటే ఎన్ని తక్కువైతే అంత గొప్ప. నాలుగు రోజులు, రోజుకు పద్దెనిమిది గుంటలు. రెండు రోజులయ్యాక పై 65 స్థానాల్లో ఉన్నవాళ్లు, వాళ్లతో సమానంగా ఉన్నవాళ్లు మిగులుతారు. మిగతావాళ్లు శుక్రవారం రాత్రే పెట్టె సర్దుకుంటారు. వాళ్లకు ప్రైజ్ మనీ రాదు. ఇది తెలిశాక శుక్రవారం సాయంత్రం ఆటగాళ్ల మొహాలు చూస్తుంటే మాకు వీసా ఇంటర్వ్యూ లైను గుర్తుకొచ్చింది.

స్టాఫ్ పట్టుకున్న చెయ్యికి బోర్డు బరువా?

వాలంటీర్ అనగానే మనవాళ్లకు తోచేది నీళ్ల సీసాలు పంచడం. అది కాదు. ఒక్కో పనికీ ఒక పేరూ, ఒక పద్ధతీ ఉన్నాయి.

ఎక్కువమందిని పెట్టేది మార్షల్ పనికి. ఒక్కో గుంట దగ్గర కొందరు ఉంటారు. ఆటగాడు కొట్టబోయేటప్పుడు రెండు చేతులూ పైకెత్తితే జనం నిశ్శబ్దం కావాలి. కొన్నిచోట్ల చేతికి 'నిశ్శబ్దం' అని రాసిన బోర్డు ఇస్తారు. జనం దాటే దారుల దగ్గర తాడు తీసి, వేసే పని కూడా మార్షల్‌దే. రోడ్డు పని జరిగేటప్పుడు ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని నిలబడే మనిషి ఉంటాడే, అచ్చం అదే. తేడా ఒక్కటే. అక్కడ లారీ డ్రైవరు తిడతాడు, ఇక్కడ కోటు వేసుకున్న పెద్దమనిషి "సారీ" చెప్పి ఆగుతాడు. మా మేస్త్రీ ఒకాయన ఇది విని "నమ్మను సార్" అన్నాడు. నమ్మకపోతే వచ్చి చూసుకోవచ్చు.

మాకు బాగా నచ్చింది బంతి చూసే పని. దీన్ని స్పాటర్ అంటారు. ఆటగాడు కొట్టే చోటుకీ బంతి పడే చోటుకీ మధ్య 250, 300 మీటర్లు ఉంటుంది. ఒక్కోసారి మధ్యలో దిబ్బ అడ్డం. బంతి చూస్తే నిండా 43 మిల్లీమీటర్లు లేదు, 46 గ్రాముల బరువు. మంచి ఆటగాడు కొడితే గంటకు 270 కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. ఎండలో తెల్లగా ఉన్న ఆకాశంలో తెల్లటి బంతి! దాన్ని చివరిదాకా కంటితో పట్టుకుని, ఎత్తు గడ్డిలో పడితే పక్కన చిన్న జెండా గుచ్చాలి. కుడికి వస్తే కుడి చెయ్యి, ఎడమకు వస్తే ఎడమ చెయ్యి చాపి జనానికి హెచ్చరిక ఇవ్వాలి. ఈ సైగలు ముందు రోజే నేర్పిస్తారు. క్రేను కింద సిగ్నల్ ఇచ్చినవాడికి ఇది కొత్త కాదు. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి, స్పష్టంగా చెయ్యాలి, సందేహం ఉంటే ఆగాలి. మా ఇద్దరు సర్వేయర్లు ఈ పనిలో బాగా రాణించారంటే ఆశ్చర్యం లేదు. దూరాన ఒక బిందువు మీద చూపు నిలపడమే వాళ్ల తిండి.

ఇక ఆటగాళ్ల వెంట నడిచే ఇద్దరు ఉంటారు. ఒకరు స్కోరు బోర్డు మోసేవాళ్లు. ముగ్గురు ఆటగాళ్ల పేర్లూ వాళ్ల లెక్కలూ ఉన్న బోర్డును పొడుగాటి కర్రకు తగిలించి పట్టుకుని పద్దెనిమిది గుంటలూ నడవాలి. గాలి వీస్తే అది తెరచాపే. లెవెలింగ్ స్టాఫ్ పట్టుకుని గంటలకొద్దీ కదలకుండా నిలబడ్డ రోజులు మాకు అప్పుడు అక్కరకొచ్చాయి. రెండోవారు స్కోరర్. ప్రతి దెబ్బనూ చేతిలోని చిన్న మిషన్‌లో నొక్కుతారు. టీవీలో, బోర్డుల మీద కనిపించే అంకెలు ఇలాంటి చేతుల్లోంచి వెళ్లేవే. మైదానం పొడవు ఆరు కిలోమీటర్ల పైమాటే. వంకర టింకరలన్నీ కలిపి నడిచేది ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు, నాలుగున్నర ఐదు గంటలు.

ఇవి కాక ప్రాక్టీసు చేసే చోట బంతులు అందించడం, ఆటగాళ్లను హోటల్ నుంచి తేవడం, బగ్గీ నడపడం, దారి చూపడం, పత్రికలవాళ్ల గదిలో కాగితాలు అందించడం. వీటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బగ్గీ పని కోసం మాత్రం అందరూ ఎగబడతారు, కూర్చునే పని కదా!

ముట్టుకుంటే ముప్పే

వాలంటీర్‌కి చెప్పే మొదటి మాట: బంతిని ముట్టుకోవద్దు. కాలికి తగిలినా, జేబులో పడినా సరే. ఎగురుతున్న బంతి మనిషికి పొరపాటున తగిలితే మామూలుగా ఆటగాడికి శిక్ష లేదు, ఎక్కడ ఆగితే అక్కడి నుంచి ఆడతాడు. ఆగి ఉన్న బంతిని బయటివాళ్లు కదిపితే దాన్ని మళ్లీ మొదటి చోట పెట్టాలి. ఆ మొదటి చోటు ఏదో చెప్పాల్సింది ఎవరు? చూసినవాళ్లు. అంటే చాలాసార్లు అక్కడ నిలబడ్డ వాలంటీరే. బంతి వెతకడానికి ఆటగాడికి ఉన్న గడువు మూడు నిమిషాలు. 2019కి ముందు ఐదు ఉండేది. ఆ మూడు నిమిషాల్లో "ఇక్కడ పడింది సార్" అన్న ఒక్క మాట విలువ ఎంతో ఆలోచించండి.

దీనికి మంచి ఉదాహరణ 2021 జనవరిలో అమెరికాలోని శాండియాగోలో జరిగింది. ఫార్మర్స్ ఇన్సూరెన్స్ ఓపెన్ మూడో రోజు. ప్యాట్రిక్ రీడ్ కొట్టిన బంతి ఎత్తు గడ్డిలో పడింది. అది ఎగిరిందా, లేక పడిన చోటే నేలలో దిగిందా అని దగ్గరున్న వాలంటీర్‌ను అడిగాడు. ఎగరలేదు అని ఆవిడ చెప్పింది. నేలలో దిగిన బంతికి శిక్ష లేకుండా తీసి పెట్టుకునే వెసులుబాటు ఉంది, అతను దాన్ని వాడుకున్నాడు. టీవీలో చూస్తే బంతి ఒకసారి ఎగిరింది! అధికారులు రీడ్ తప్పు చేయలేదనే తేల్చారు. అయినా ఆ గొడవ చాలా రోజులు నడిచింది. పోటీ మాత్రం అతనే గెలిచాడు. అదే రోజు రోరీ మెకిల్‌రాయ్ కూడా అలాగే దిగిన బంతిని తీసి పెట్టుకున్నాడు. తర్వాత తేలిందేమంటే, బంతి వెతికే హడావుడిలో ఒక వాలంటీర్ దాన్ని తెలియకుండా తొక్కాడట. ఆ సంగతి అప్పుడు ఆటగాడికి ఎవరూ చెప్పలేదు.

ఈ రెండు కథలూ మేము ప్రతిసారీ కొత్తగా వచ్చేవాళ్లకు చెప్తాం. చూడనిది చూశానని చెప్పకూడదు. "సరిగ్గా కనబడలేదు" అనడం నామోషీ కాదు. సైట్ మీద కూడా ఇంతే కదా! పోత పోసేటప్పుడు కడ్డీల కింద కవర్ బ్లాకులు పెట్టారా అని కన్సల్టెంట్ అడిగితే, చూడకుండా "పెట్టారు సార్" అనే సూపర్‌వైజరుకూ, చూసి చెప్పే సూపర్‌వైజరుకూ తేడా పదేళ్ల తర్వాత శ్లాబే చెప్తుంది.

లెక్క విషయంలోనూ ఒక ముచ్చట ఉంది. మన మిషన్‌లో నొక్కే అంకె జనానికి, టీవీకి. అసలు లెక్క ఆటగాళ్లు ఒకరిది ఒకరు రాసుకుని సంతకం పెట్టే కార్డే. 1968 మాస్టర్స్ పోటీలో అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజో పదిహేడో గుంటను మూడు దెబ్బల్లో పూర్తి చేశాడు. జోడీ ఆటగాడు కార్డులో నాలుగు అని రాశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. జనమంతా కళ్లారా చూసినా కార్డులో ఉన్నదే ఖాయమైంది. ఆ ఒక్క అంకెతో ప్లేఆఫ్ ఆడే అవకాశం పోయింది. హాజరు పట్టీ మీద గంటలు చూసుకోకుండా వేలిముద్ర వేసే మన తమ్ముళ్లకు ఈ కథ వినిపించాలి.

టోపీ కోసమా ఇదంతా?

మాలో ఒకరి క్యాంపులో సిరిసిల్ల మేస్త్రీ ఒకాయన నిలదీశాడు. "అన్నా, గెలిచినోనికి లచ్చల డాలర్లు, నీకు టోపీ. గిదేం లెక్కనే?"

న్యాయమైన ప్రశ్న. దీనికి ఒక్క జవాబు లేదు. సాధారణంగా ఇలాంటి పోటీల్లో వాలంటీర్‌కి చొక్కా, టోపీ, మెడలో కార్డు, మధ్యాహ్నం తిండి ఇస్తారు. అమెరికాలో అయితే చాలా పోటీల్లో ఆ చొక్కా, టోపీలకు వాలంటీర్లే డబ్బు కడతారు! అక్కడ ఎక్కువ పోటీలను లాభం కోసం కాని సంస్థలు నడుపుతాయి, మిగులు ధర్మకార్యాలకు పోతుంది, అందుకే జనం ఎదురు కట్టి వస్తారు. ఆటంటే ప్రాణం పెట్టే రిటైరైనవాళ్లు ఏడాదికి నాలుగైదు పోటీలు ఇలా తిరుగుతారు. వాళ్ల సంగతి వేరు, మన సంగతి వేరు. వారానికి ఒక్క శుక్రవారం సెలవున్న మనిషి ఆ ఒక్క రోజునూ ఇచ్చేస్తే బట్టలెప్పుడు ఉతుక్కోవాలి? ఇంటికి ఫోనెప్పుడు చెయ్యాలి? ఈ లెక్క వేసుకోకుండా ఎవరినీ రమ్మని మేము చెప్పం.

మరి మేమెందుకు వెళ్లాం? ఒకరు ఇంగ్లిషు మాట్లాడే అలవాటు కోసం. ఒకరు ఊరికే చూద్దామని. ఒకరు, నిజం చెప్పాలంటే, సైటు, క్యాంపు, లులు మాల్ తప్ప వేరే బహ్రెయిన్ చూడక విసిగిపోయి. వెళ్లాక దొరికింది మరొకటి. ఒకే గుంట దగ్గర మాతోపాటు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఇంగ్లిషాయన, బహ్రెయినీ కాలేజీ విద్యార్థిని, ఫిలిప్పీన్స్ నర్సు నిలబడ్డారు. అందరికీ ఒకే చొక్కా. గుంట బాధ్యుడిగా ఉన్న పెద్దాయన చెప్పింది బ్యాంకాయనా వినాల్సిందే, మేమూ వినాల్సిందే. సైట్ మీద హెల్మెట్ రంగును బట్టి మనిషిని పలకరించే దేశంలో ఇది చిన్న విషయం కాదు.

అయితే ఆ గడ్డి కోసినవాళ్లకు ఆ చొక్కా లేదు. తెల్లవారక ముందే లైట్లు పెట్టుకుని గ్రీన్ల మీద మిషన్ నడిపేది, బంకర్లలో ఇసుక దువ్వేది జీతానికి పనిచేసే మనుషులు. మేము ఆరింటికి చేరేసరికి వాళ్ల సగం రోజు అయిపోయి ఉంటుంది. గ్రీన్ అంటే పైపైన గడ్డి కాదు. కింద కాలువ పైపులు, పైన సుమారు నాలుగంగుళాల కంకర, దాని మీద అడుగు మందాన ఎంచిన ఇసుక, ఆ పైన గడ్డి. ఇది చాలా దేశాల్లో పాటించే పద్ధతి. సివిల్ చదివినవాళ్లకు చూడ ముచ్చటేస్తుంది. దాన్ని రోజూ మిల్లీమీటర్లలో కోసి నిలబెట్టే పనితనం టీవీలో ఎవరూ చెప్పరు.

'వాలంటీర్' అని రాయించుకుంటే వాలంటీరేనా?

ఇప్పుడు అసలు విషయం. ఇది గోల్ఫ్ పోటీలో జరిగింది కాదు. కొన్నేళ్ల క్రితం మాలో ఒకరు పనిచేసిన కంపెనీలో ఒక శుక్రవారం పొద్దున్నే క్యాంపు ముందు బస్సు పెట్టారు. ఎక్కడో ఒక కార్యక్రమం, కుర్చీలు మోయాలి, బారికేడ్లు పాతాలి. ముప్పైమంది పేర్లు చదివి ఎక్కమన్నారు. రాత్రి పదింటికి దింపారు. జీతం రోజున ఓవర్‌టైం అడిగితే "అది వాలంటీర్ వర్కు, మీరే సంతకం పెట్టారు కదా" అన్నారు. ఇంగ్లిషులో ఉన్న ఆ కాగితం ఎవరూ చదవలేదు. రానన్నవాడి పేరు పక్కన ఫోర్‌మన్ ఎర్ర గీత గీశాడు. ఆ ముప్పైమందిలో పన్నెండుమంది తెలుగువాళ్లు.

ఇది వాలంటీర్ పని కాదు, వెట్టి. రెంటికీ తేడా తెలుసుకోవడానికి మేము పెట్టుకున్న కొలత ఒక్కటే: రానని చెప్పగలమా, చెబితే మర్నాడు సైట్ మీద మనకేమైనా అవుతుందా? పేరు మనం ఇచ్చుకున్నామా, వేరేవాళ్లు ఇచ్చారా? బహ్రెయిన్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం, 2012 నాటి 36వ నంబరుది, వారానికి ఇరవై నాలుగు గంటలకు తక్కువ కాకుండా విశ్రాంతి ఇవ్వాలంటుంది. ఆ రోజు పని చేయిస్తే అదనపు జీతమో, బదులు ఇంకో రోజు సెలవో ఇవ్వాలంటుంది. కంపెనీ పంపిన పని కంపెనీ పనే. దానికి ఏ పేరు పెట్టినా సరే. అలాంటి చోట సంతకం పెట్టే ముందు పక్కన చదువుకున్నవాడి చేత చదివించుకోవడం మేలు. చదివి చెప్పడానికి మాలాంటివాళ్లు ప్రతి క్యాంపులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. అడగాలే గానీ కాదనరు.

ఇంకో వైపు కూడా ఉంది. ఎవరైనా "నువ్వు గోల్ఫ్ దగ్గర నాలుగు రోజులు చెయ్యి, చేతిలో దీనార్లు పెడతాం" అంటే అది వాలంటీర్ పని కాదు, వేరే చోట కూలి. మన పర్మిట్ ఎవరి మీద ఉందో వాళ్ల దగ్గర తప్ప డబ్బుకి పని చేస్తే ఇబ్బంది మనకే. అందుకే మేము ఎవరి దగ్గరా రూపాయి తీసుకోం. ఒక ఆటగాడి తరఫు మనిషి ఇరవై దీనార్లు ఇవ్వబోతే మా స్టోర్ కీపరు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత ఆ ఇరవై తలచుకుని ఒక వారం నిట్టూర్చాడు, అది వేరే సంగతి!

వెళ్లాలనుకునేవాళ్లకు

2024లోనూ 2025లోనూ పోటీ గురువారం మొదలై ఆదివారం ముగిసింది. గురు, ఆదివారాలు ఇక్కడ పని దినాలు. నిర్వాహకులు సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ రోజులు రాగలవాళ్లనే ఇష్టపడతారు. కాబట్టి శుక్రవారంతో పాటు ఇంకో రోజు సెలవు ముందే రాయించుకోవాలి. నోటి మాట చాలదు, కాగితం మీద తీసుకోవాలి. మేము సైట్ ఇంజనీర్లకు రెండు నెలల ముందే చెప్పుకున్నాం. ఒకరికి సెలవు దొరకలేదు, ఆయన శుక్రవారం ఒక్క పూటే వచ్చాడు. అలా కూడా తీసుకున్నారు.

సీపీఆర్ కార్డు వెంట ఉండాలి. ఫారంలో దెబ్బలు తగిలితే బాధ్యత ఎవరిదన్న వాక్యాలు ఉంటాయి, అవి చదవాలి, అర్థం కాకపోతే అడగాలి. ఎందుకంటే ఈ ఆటలో దెబ్బ ఉత్తమాట కాదు. 2018లో పారిస్ దగ్గర జరిగిన రైడర్ కప్‌లో బంతి తగిలి ఒక ప్రేక్షకురాలికి ఒక కంటి చూపు పోయింది. "ఫోర్!" అన్న కేక వినబడితే ఎక్కడ నుంచి వచ్చిందని తల ఎత్తి చూడకూడదు. తల వంచి చేతులు అడ్డం పెట్టుకోవాలి. సైట్ మీద పైనుంచి ఏదైనా పడేటప్పుడు పైకి చూడొద్దని నేర్పుతాం కదా, అదే సూత్రం.

ఇంగ్లిషు గడగడా రానక్కర్లేదు. నాలుగు మాటలు అర్థమై, నాలుగు మాటలు చెప్పగలిగితే మార్షల్ పని నడుస్తుంది. స్కోరర్ పనికి మాత్రం ఆట నియమాలు కొంత తెలియాలి, అది రెండో ఏడాది చూసుకోవచ్చు. ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి. డ్యూటీలో ఉండగా ఆటగాళ్లతో సెల్ఫీలూ సంతకాలూ అడగకూడదు. అంతర్జాతీయ పోటీలో నిలబడి ఫొటో లేకుండా ఇంటికి ఏం పంపాలని మావాళ్లు గొణిగారు. డ్యూటీ దిగాక మెడలో కార్డుతో, వెనక గడ్డి కనబడేలా తీసుకున్నవి పంపారు. జగిత్యాల నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న: "గంత పెద్ద పొలం, ఏం పంట ఏసిండ్రు బిడ్డా?"

రవాణా పెద్ద సమస్య. తెల్లవారుజామున సల్మాబాద్ నుంచో సిత్రా నుంచో రిఫాకు బస్సు నమ్ముకుంటే కష్టం. కారున్నవాళ్లు ఒకరు నలుగురిని ఎక్కించుకోవాలి, పెట్రోలు పంచుకోవాలి. తిండి దగ్గర శాకాహారులకు ఎంపిక తక్కువ. మావాళ్లలో ఒకరు రెండు రోజులూ పులిహోర కట్టుకుని వచ్చాడు. మూడో రోజుకి ఇంగ్లిషాయన కూడా చెంచాతో తింటూ పేరేంటని అడిగాడు. జనవరి ఎండ కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. పది గంటలకల్లా నీడ లేని చోట మొహం కాలుతుంది, సాయంత్రం గాలికి వణుకు పుడుతుంది. పలుచటి స్వెట్టర్ ఒకటి సంచిలో ఉండాలి.

మన దగ్గరా ఈ ఆట కొత్తదేమీ కాదు. గోల్కొండ కోట గోడల పక్కన నయా ఖిల్లాలో హైదరాబాద్ గోల్ఫ్ మైదానం ఉంది, అక్కడ గోల్కొండ మాస్టర్స్ పేరుతో ప్రొఫెషనల్ పోటీలు జరిగాయి. విశాఖలోనూ మైదానం ఉంది. ఇంకో మాట. ఎస్.ఎస్.పి. చౌరాసియా పేరు విన్నారా? కోల్‌కతా గోల్ఫ్ క్లబ్బులో గడ్డి చూసుకునే పనివాడి కొడుకు. ఆటగాళ్ల సంచులు మోస్తూ ఆట నేర్చుకున్నాడు. 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు, 2016లో, 2017లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఈ సంగతి చెప్పాక సిరిసిల్ల మేస్త్రీ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా పోరగాడు ఎనిమిదో తరగతి. మనకాడ నేర్పుతరా అన్నా?" అని అడిగాడు. హైదరాబాద్‌లో కనుక్కుని చెప్తామన్నాం, కనుక్కుంటున్నాం.

వచ్చే పోటీకి మావైపు నుంచి ఇప్పటికి ఏడుగురు పేర్లిచ్చారు, ఆయన కూడా ఒకడు. బంతి చూసే పనే కావాలంటున్నాడు. తాపీ పట్టిన కన్నుకి గోడలో రెండు మిల్లీమీటర్ల వంకరే దొరుకుతుంది, బంతి దొరకదా అంటున్నాడు. టోపీ, చొక్కా వాళ్లే ఇస్తారు. బూట్లు మాత్రం మనవే, సేఫ్టీ షూలతో రావద్దని ఆయనకు మూడుసార్లు చెప్పాం.